నీళ్ళ ముగ్గు

మా నెల్లితోపు ఫ్లాట్ల కింద వాచ్‌మన్ భార్య తెల్లవారుతుండగానే ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి గేటు ముందర నీళ్ళు చల్లుతుంది. రాత్రంతా గడిచినా వేడి పూర్తిగా వదలని సిమెంటు మీద ఆ నీళ్ళు పడగానే ఒక వాసన లేస్తుంది. మట్టి వాసన అందామంటే అక్కడ మట్టి లేదు, వాన వాసన అందామంటే వానా లేదు, తడిసిన రాయి వాసన అనుకోవాలంతే. మొదటి అంతస్తులో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నా దాకా అది వచ్చేసరికి, కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన నేను కాస్తా పక్కకు తప్పుకుంటాను, నా స్థానంలో చేతిలో పాల చెంబుతో, చెప్పుల్లేని కాళ్ళతో, సముద్రం పక్క సందులో నడుస్తున్న ఒక పిల్ల వచ్చి నిలబడుతుంది. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, ఆ పిల్లకు లేవు, అందుకే కాబోలు రోజూ అదే గెలుస్తుంది.

అప్పట్లో మేము జాలరులుండే సోలై నగర్‌కు పోయే దారిలో ఉండేవాళ్ళం. నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఎన్నో తరాల కిందట, ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ తమిళ ఊరు చేరిన తెలుగు కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో మాస్టరుకూ మాకూ సమానంగా రాని ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాకే పట్టుబట్టి నేర్చుకున్నాను. అందాకా తెలుగంటే నాకు అమ్మ తిట్లూ, నాన్న జోకులూ, సామియార్ తోటలో అన్నమ్మ అవ్వ మాటలూ, అంతే.

సామియార్ అంటే మా వైపు చర్చి ఫాదరు. మా సందు చివర ఉన్న ఆ తోట పేరుకే తోట. నాలుగు కొబ్బరిచెట్లూ ఒక పశువుల కొట్టమూ తీసేస్తే మిగిలినదంతా ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్ళు. వరసల మొదట్లో గుడి, అంటే చర్చి, దాని పక్కన సామియార్ ఇల్లు, ఆ ఇంటికి వెడల్పాటి వరండా. ఆ వరండాలో పేము కుర్చీ వేసుకుని కూర్చుంటే తోటలోని ప్రతి గడపా కనబడుతుంది. సముద్రం అంత దగ్గరున్నా ఒక్క ఇంటికీ సముద్రం వైపు కిటికీ లేదు. ఆ ఇళ్ళు కట్టినవాళ్ళు గాలి గురించి కాక చూపు గురించే ఆలోచించారని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు. ఎప్పటి కరువులోనో తిండి లేక దిక్కు పట్టుకుని నడిచొచ్చిన వాళ్ళకు అప్పటి ఫ్రెంచి సాములు గంజి పోసి, జ్ఞానస్నానం ఇచ్చి, కుటుంబానికొక ఇల్లు చూపించారట. చూపించారే గాని రాసివ్వలేదు. చూపించడానికీ ఇవ్వడానికీ తేడా తోటలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు.

తోటకు గంటే గడియారం. పొద్దున గంటకు లేవాలి, మధ్యాహ్నం గంటకు చేతిలో పని ఆపి సిలువ గుర్తు వేసుకోవాలి, సాయంత్రం గంటకు పిల్లలు ఆట ఆపాలి. ఆ గంట తోటవాళ్ళ కోసమే మోగినా వినేది మాత్రం చుట్టుపక్కల అందరమూ. మా అమ్మ శుక్రవారం తప్పకుండా మారియమ్మ గుడికి పోయే మనిషి, కానీ ఆమె పొయ్యి మీద ఉలవచారు దిగేది మధ్యాహ్నం చర్చి గంటకే. గంట ఒకరోజు ఆలస్యమైతే, "సామికేమన్నా వొళ్ళు బాగలేదేమో, చూసి రాపో" అని నన్ను తరిమేది. ఆమె బెంగ సామి ఒంటి మీదనా, అన్నం మీదనా అని నాన్న ఎగతాళి చేసేవాడు.

వేసవి అంతా సోలై నగర్ ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన గాలిలో నిలబడి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం దాంతో ఆకలి పుట్టేది. ఆ ఎండల్లో అన్నమ్మ అవ్వ మనవరాలు రోసలీ నేనూ గుడి వెనక నీడలో తొక్కుడుబిళ్ళ గీసుకునేవాళ్ళం, తాటిముంజలు అమ్మే మనిషి వస్తే ఒకటి కొని, నీళ్ళు కారకుండా బొటనవేలితో పొడిచి చెరిసగం తాగేవాళ్ళం. ఐప్పసి, అంటే దీపావళి నెల, వస్తే వానలు మొదలై, తోట మధ్య దారి కాలవైపోయి, పశువుల కొట్టంలో ఆవులూ, గుడి పంచలో పిల్లలూ, పంచ కింద కుక్కలూ ఒకే మొహం పెట్టుకుని వాన చూస్తూ నిలబడేవి. దీపావళికి మా ఇంటి మురుకులు తోటకు పోయేవి. క్రిస్మస్‌కు తోట నుంచి అవ్వ చేసిన అరిసెలు మా ఇంటికి వచ్చేవి. తక్కిన ఇళ్ళలో గుడ్లు కొట్టి కేకులు చేసుకుంటుంటే అవ్వ మాత్రం అరిసెలే వండేది, నూనె పిండడానికి ఆమె దగ్గర రెండు చెక్కలుండేవి, వాటిని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

తోటలో కొన్ని వద్దులు ఉండేవి. చావుకు డప్పు వద్దు, పెద్దమనిషైన పిల్లకు ఆకుల పందిరి వద్దు, గడప మీద పసుపు వద్దు, వాకిట్లో ముగ్గు వద్దు. ఊళ్ళో వేరే చర్చిల దగ్గర క్రైస్తవుల వాకిళ్ళలో చక్కగా ముగ్గులుండేవి, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇక్కడ మాత్రం మొదటి సామి పెట్టిన నియమాన్ని తర్వాతి సాములు ఎవరూ తీయలేదు. మా కాలంలో ఉన్నది ఒక ముసలి ఫ్రెంచి సామి, తెల్లగడ్డం, పిల్లలకు బిస్కెట్లు పంచే చెయ్యి, చూడ్డానికి మెత్తని మనిషే. అయినా ఒక కుటుంబంలో కొడుకు మారియమ్మ గుళ్ళో తాళి కట్టి పెళ్ళి చేసుకొచ్చాడని తెలిసిన వారంలోనే, వాళ్ళ గిన్నెలూ చాపలూ తోపుడుబండి మీదికి ఎక్కాయి. ఆ బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. బండి మీద తలకిందులుగా పెట్టిన రోలు అటూ ఇటూ ఊగుతుంటే, వాళ్ళమ్మ ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఎవరి మొహమూ చూడకుండా నడిచిపోయింది.

అన్నమ్మ అవ్వకు పోవడానికి వేరే చోటు లేదు. కొడుకూ కోడలూ కలరాలో పోయారు, మిగిలింది రోసలి ఒక్కతే. అవ్వ కొట్టంలో ఆవుల పని చూసేది, ఆ పనితో పాటే ఇల్లు. నన్ను చీకటి ఇంకా పూర్తిగా పోకముందే అమ్మ పాలకు పంపేది. ఆ పాలు నీళ్ళు కలవకముందే తేవాలని ఆమె పట్టుదల. అలా వెళ్ళిన ఒక పొద్దున, గంట ఇంకా మోగలేదు, అవ్వ తన గడప ముందర నల్లరాతి పలక మీద కూర్చుని ఉంది. పక్కన కంచు చెంబు. మూడు వేళ్ళు చెంబులో ముంచి, రాతి మీద చుక్కలు పెడుతోంది. చుక్కలయ్యాక వాటి చుట్టూ ఒంపులు తిప్పుతూ గీత కలుపుకొచ్చింది. పిండి లేదు, సున్నం లేదు, వట్టి నీళ్ళు. పొడి రాయి మీద తడి గీతలు నల్లగా మెరిసి, ముగ్గు పూర్తయ్యేసరికి మొదటి చుక్కలు అప్పటికే పాలిపోతున్నాయి. నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఏందే అట్టా చూస్తా ఉండావు?" అంది అవ్వ. "కోడలై ఈ ఇంటికి వొచ్చిన దినం నుంచి పెడతా ఉండా. మా అత్త నేర్పింది. ఇల్లు చూపించినప్పుడు ముగ్గు వొద్దన్నారంట, సరే అన్నారంట మనోళ్ళు. నీళ్ళు చల్లుకోవొద్దని ఎవురూ చెప్పలేదు గదా."

గంట మోగి, సామి వరండాలోకి వచ్చి, పేము కుర్చీ సర్దుకునేసరికి రాయి రాయిగానే ఉండేది. ఆ పని ఎలా చెయ్యాలో అవ్వకు లెక్క ఉంది. ఎండాకాలం పెద్ద ముగ్గు వెయ్యొచ్చు, గీస్తుండగానే ఆరిపోతుంది. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, మంచు వల్ల తడి తొందరగా పోదు కాబట్టి అరచేతంత ముగ్గుతో సరిపెట్టుకోవాలి. వానరోజుల్లో రాయంతా తడే గనుక ఎంత పెట్టినా కనబడదు, అయినా పెట్టేది. రోసలికి ఇదంతా భయం. "సామి చూస్తే ఇల్లు పోతాదవ్వా, యాడికి పోతాం?" అని నా ముందే ఏడుపు మొహం పెట్టేది. అవ్వ భక్తిలో లోటు లేని మనిషి, జపమాల తిప్పకుండా నిద్రపోదు, ఆదివారం పూజకు అందరికంటే ముందు పోయి కూర్చుంటుంది. "యేసుసామి మనింటికి వొస్తే ఈ గడపలోనే గదా అడుగు పెట్టాల. వట్టి గడపలోకి ఎవురన్నా వొస్తారా?" అనేది. నాకు అది ఎంతో న్యాయంగా తోచేది, ఇప్పటికీ అలాగే తోస్తుంది.

మేము ఆరో క్లాసులో ఉండగా పెద్ద సామి తన దేశానికి తిరిగి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. ఆ ఏడు క్రిస్మస్ వారంలో ఒక సాయంత్రం, బడి హాల్లో తెల్లగుడ్డ కట్టి, అందరికీ బొమ్మలు చూపిస్తానన్నాడు. మా సందు పిల్లలం కూడా పిలవకుండానే వెళ్ళి ముందు కూర్చున్నాం. బొమ్మల మిషను వేడెక్కి దుమ్ము కాలిన వాసన వస్తోంది. ఫ్రెంచివాళ్ళు మన ఊరికి ఓడలేసుకుని వచ్చిన రోజుల్లోనే అమెరికాకు కూడా పోయారనీ, ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న అడవి జనానికి తనలాంటి సాములే ఊళ్ళు కట్టిచ్చారనీ తమిళంలో చెప్తూ ఒక్కొక్క బొమ్మ మార్చాడు. మొదట పొడుగు జుట్టు మనుషులు, చెట్టు బెరడుతో చేసిన పడవలో. సోలై నగర్ నుంచి వచ్చిన పిల్లలు ఆ పడవను చూసి, అల ఒకటి వస్తే చాలు తిరగబడుతుందని నవ్వారు. తర్వాత బొమ్మలో అడవి కొట్టేసిన చోట రెండు వరసల ఇళ్ళు, మొదట్లో సిలువ, సిలువ పక్కన గంట, గంట పక్కన వరండా ఉన్న ఇల్లు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో, "మన తోట," అన్నారు.

తర్వాత బొమ్మలో ఆ మనుషులే జుట్టు కత్తిరించుకుని, చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళు డోళ్ళు వదిలేశారనీ, ఒంటికి రంగులు పూసుకోవడం మానేశారనీ, గోధుమలు పండించడం నేర్చుకున్నారనీ సామి సంతోషంగా చెప్పుకుపోతున్నాడు. అప్పుడు అన్నమ్మ అవ్వ లేచి నిలబడింది. ఆ ఊళ్ళు ఇప్పుడున్నాయా అని తమిళంలోనే అడిగింది. సామి, అమ్మోరు సోకి చాలామంది చనిపోయారనీ, యుద్ధాలొచ్చాయనీ, సాములు వేరే చోట్లకు వెళ్ళిపోయారనీ అన్నాడు. అవ్వ కూర్చోలేదు. ఈసారి ఆమె నోట తెలుగే వచ్చింది, ఆమెకు మనసు కలత పడితే వేరే భాష ఉండేది కాదు.

"సాములు పోయినాక ఆ ఇండ్లు ఎవురివైనాయి?"

సామికి తెలుగు రాదు. రోసలి వైపు చూశాడు. రోసలి తల దించుకుని నేల చూస్తోంది, దాని చెవులు ఎర్రబడ్డాయి. మా ఇల్లు తోటలో లేదు, పోగొట్టుకోవడానికి నాకేమీ లేదు కాబట్టి నేను లేచి అవ్వ అడిగినదాన్ని తమిళంలో గట్టిగా చెప్పాను. సామి గుడ్డ మీద బొమ్మ వైపు తిరిగి, ప్రార్థన చేసుకుందాం అన్నాడు. అందరూ లేచి నిలబడి చేశారు. అవ్వ కూడా చేసింది.

మర్నాడు పొద్దున నేను పాలకు పోయేసరికి గంట మోగిపోయింది, అవ్వ గడప ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. నల్లరాయి మీద తెల్లగా, బియ్యప్పిండితో, వాకిలంతా పరుచుకున్న ముగ్గు. ఎన్నాళ్ళుగానో నీళ్ళతో గీసిన ఒంపులే అవి, ఒక్కటీ తప్పలేదు. ఎదురింటి ముసలాయన, "నీ ఒక్కదాని కొవ్వుకు మా అందరి ఇండ్లూ పోతాయి," అని అరుస్తున్నాడు. ఆయన భయం అబద్ధం కాదు, తోపుడుబండిని అందరూ చూసినవాళ్ళే. రోసలి చీపురు తెచ్చి తుడవబోతే అవ్వ దాని చెయ్యి పట్టుకుంది.

"ఆ బొమ్మల్లో నోరు మూసుకోని ఉన్నోళ్ళ ఇండ్లూ నిలవలేదంట గదమ్మా," అంది మెల్లిగా. "ఉన్నన్ని దినాలన్నా మన గడప మన గడపగా ఉండనీ."

పెద్ద సామి వరండా దిగి వచ్చాడు. జనం పక్కకు జరిగారు. రోసలి తలకిందులైన రోలు పట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచిపోవడం నా కళ్ళ ముందు కనబడింది. సామి ముగ్గు ముందు నిలబడి చూశాడు. ఒక చేత్తో తన తెల్లంగీ అంచు కొంచెం పైకెత్తి, ముగ్గు తొక్కకుండా పక్క నుంచి చుట్టి నడిచి, కొట్టం దాకా పోయి, మళ్ళీ అలాగే చుట్టి నడిచి వెనక్కి వచ్చాడు. వరండా ఎక్కి, తన పేము కుర్చీని సముద్రం వైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెళ్ళిపోయేదాకా ఆ కుర్చీ మళ్ళీ ఇళ్ళ వైపు తిరగలేదు. కొన్నాళ్ళకు ఇంకో రెండు మూడు గడపల ముందర కూడా చిన్న చిన్న ముగ్గులు కనబడ్డాయి. ఎదురింటి ముసలాయన మాత్రం అవ్వతో చివరిదాకా మాట్లాడలేదు.

తోట వెంటనే పోలేదు. అవ్వ ఆ ఇంట్లోనే, ఆ గడప లోపలే కన్నుమూసింది, ఆమె కోసం గంట కొట్టారు, ఆ రోజు మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. తర్వాత తర్వాత తోట పెత్తనం చేతులు మారింది, ఆవులు పోయాయి, ఇళ్ళ పెంకులు జారుతున్నా బాగుచేసేవాళ్ళు లేకపోయారు. చివరికి ఇళ్ళు పాతబడ్డాయి, ప్రమాదం అని చెప్పి అందరినీ ఖాళీ చేయించి, ఊరి బయట అగ్గిపెట్టె గదుల్లోకి పంపారు. ఎవరి దగ్గరా చూపించడానికి ఏ కాగితమూ లేదు. రోసలి అప్పటికి ఆస్పత్రిలో ఆయాగా చేరింది, ఆ గదుల్లోనే పిల్లల్ని పెంచి పెద్దచేసింది.

రిటైరయ్యాక నాకు తీరిక దొరికి, ఆ అమెరికా ఊళ్ళ గురించి దొరికినంత చదివాను. కొందరు నమ్మి చేరారట, కొందరు ఆకలికి చేరారట, ఇంకొందరు, ఇక్కడుంటే తెల్లవాళ్ళు తమ నేలను ఇంకా లాక్కోరేమోనన్న ఆశతో చేరారట. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న అలాంటి ఊళ్ళవాళ్ళను, యుద్ధం వచ్చినప్పుడు, మా దేవుడికే మొక్కుతున్నారు గదా అని కూడా చూడకుండా, చలికాలంలో ఒక దీవిలో పడేస్తే ఆకలితో ఎంతోమంది చచ్చిపోయారట. వాళ్ళ నేలలు చాలావరకు మెల్లమెల్లగా వేరేవాళ్ళ చేతుల్లోకి పోయాయి. అందరూ చెదిరిపోలేదు, కొన్నిచోట్ల వాళ్ళ వారసులు ఇప్పటికీ తమ భాషతో, తమ డోళ్ళతో అక్కడే ఉన్నారని చదివినప్పుడు నాకు చెప్పలేనంత ఆనందమైంది. వాళ్ళలోనూ సాములు లేవకముందే లేచి, ఆరిపోయేదేదో గడప ముందర గీసుకున్న ఆడది ఒకతె ఉండే ఉంటుందని నా నమ్మకం. పుస్తకాల్లో మాత్రం ఆమె కనబడలేదు.

పోయిన నెల రోసలి మా ఇంటికి వచ్చింది. జుట్టు నాకంటే తెల్లబడింది, భయం మాత్రం ఎక్కడో వదిలేసి వచ్చినట్టుంది. టిఫిను తిన్నాక, "పోయి చూసొద్దామా?" అంది, యాడికని నేను అడగలేదు. ఆటోలో వెళ్ళాం. సామియార్ తోట ఇప్పుడు గెస్ట్ హౌసు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళున్న వైట్ టౌన్‌లో ఇళ్ళకు వేసే పసుపు రంగే గోడలకు వేశారు, రెండు వరసల ఇళ్ళూ గదులయ్యాయి, ఆ గదులకు సముద్రం వైపు పెద్ద పెద్ద కిటికీలు పెట్టారు. గంట లేదు; గంట వేలాడిన కొయ్య మాత్రం అందానికని ఉంచి దానికి పూలకుండీ కట్టారు. నెత్తళ్ళ వాసన కూడా లేదు, గడ్డి మీద నీళ్ళు చిమ్మే యంత్రం తిరుగుతోంది. అవ్వ గడప దగ్గరికి వచ్చి ఇద్దరం ఆగాం. నల్లరాయి అదే. దాని మీద వచ్చేపోయేవాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి తెల్ల పెయింటుతో పెద్ద ముగ్గు వేసి, పైన వార్నిష్ కొట్టారు. ఏ కాలంలోనూ ఆరదు, చెరగదు, ఎవరూ పొద్దున్నే లేచి పెట్టక్కర్లేదు.

రోసలి చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో కొంచెం పైకెత్తి, ముగ్గు తొక్కకుండా పక్క నుంచి చుట్టి నడిచి, మూసి ఉన్న తలుపు మీద అరచెయ్యి ఆనించింది. యూనిఫారం వేసుకున్న కుర్రాడు ఒకతను గేటు దగ్గర నుంచి గబగబా వచ్చి, ఎవరు కావాలమ్మా అని తమిళంలో మర్యాదగానే అడిగాడు.

"ఎవురూ వొద్దు నాయనా," అంది రోసలి తెలుగులో. "ఈ ఇల్లు ఎవురిదైందో చూసి పోదామని వొచ్చినా."

అతనికి అర్థం కాక నా వైపు చూశాడు. రోసలి మాటను నేను తమిళంలో చెప్పాను. ఆ కుర్రాడు ఇంటి వైపు తిరిగి చూసి, మేనేజరును అడిగొస్తానని ఆఫీసు వైపు నడిచాడు.